అమ్మ జబ్బు పేరు

అశోక్ నగర్, హైదరాబాదు
కార్తీకం, ఆదివారం మధ్యాహ్నం

అమ్మ తర్వాత అమ్మంతటి అక్కయ్యకు, చెల్లెలు సుశీల పాదాలకు దణ్ణం పెట్టి రాస్తున్నది.

నువ్వూ, బావగారూ, శ్రీనూ, కోడలు కల్యాణీ, చంటివాడూ అంతా క్షేమమని తలుస్తాను. ఇక్కడ నేనూ క్షేమం అని రాయడం మర్యాద కాబట్టి రాశాను. ఎంతవరకు క్షేమమో చదువుతూ పోతే నీకే తెలుస్తుంది. ముందే కంగారు పడకు. మంచాన పడి రాస్తున్న ఉత్తరం కాదిది. లేచి తిరుగుతున్నాను, తింటున్నాను, నలభై మంది ఆడపిల్లల మీద పొద్దస్తమానం అరుస్తున్నాను. ఒంట్లో ఓపిక లేనిదే అంత అరవలేను కదా.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటి చాదస్తం అంటావేమో. నీ ఫోన్ ఎప్పుడూ హాల్లో టీవీ పక్కనే ఉంటుంది. ఎత్తగానే స్పీకరు పెడతావు. పక్కనే పడక్కుర్చీలో బావగారు. నేను అమ్మ సంగతి ఎత్తేసరికి "పాలు పొంగుతున్నాయే, ఉంటా" అని పెట్టేస్తావు. ఈ నెలలో మూడుసార్లు పొంగాయి నీ పాలు. మీ ఇంట్లో ఉన్నది ఒక్క గేదె, అదీ వట్టిపోయిందని కల్యాణి చెప్పింది. అందుకే ఈ ఉత్తరం లావణ్య చేతికిచ్చి పంపుతున్నాను. మా హాస్టల్లో ఉండి బ్యాంకు పరీక్షకు చదువుతున్న పిల్ల, మీ పక్క ఊరే. జాకెట్టు ముక్కల పొట్లంలో పెట్టి, నీ చేతికే ఇమ్మని ఒకటికి పదిసార్లు చెప్పాను. బావగారికి జాకెట్టు ముక్కలతో పనుండదు. వంటింటి తలుపు వేసుకుని చదువు.

అడగవలసింది ఒక్కటే అక్కా. అమ్మ ఏ జబ్బుతో పోయింది? కామెర్లు అని మాత్రం అనకు. ఎందుకు అనొద్దంటున్నానో మొదటినుంచీ రాస్తాను.

నేనిక్కడికి వచ్చి ఏడాది కావస్తోంది. ఆయన పోయాక జిరాక్సు కొట్టు అమ్మేసి ఈ వార్డెన్ పనిలో చేరినప్పుడు, ఎవరో ఒకరు చుట్టూ ఉంటారు కదా అనుకున్నాను. ఉన్నారు, లేకేం. ఈ వీధి నిండా మనుషులే. సందుకో కోచింగ్ సెంటరు, గుమ్మానికో టీ బండి, పేవ్‌మెంటు పొడుగునా పరీక్షల పుస్తకాలు. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందని టీ గ్లాసులు పట్టుకుని వాదించుకునే వాళ్లు. అందరూ ఏదో ఒక ఉద్యోగం వచ్చేదాకా ఉండి పోయేవాళ్లే. నా గది మెట్ల కింద ఉంది. మంచం వేస్తే మిగిలేది చాపంత జాగా. నెత్తిమీద ధన్ ధన్ మని నలభై మంది ఎక్కుతూ దిగుతూ ఉంటారు. కానీ ఒక్కరూ నా గదిలోకి వచ్చి కూర్చోరు. పాపం వాళ్ల చదువులు వాళ్లవి. అందరికీ నేను "ఆంటీ". గీజర్ పనిచేయకపోతే ఆంటీ, కూరలో ఉప్పు తగ్గితే ఆంటీ. ఏడాదిగా నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరంటే నమ్ముతావా? ఇది నీకు బెంగ పెట్టడానికి రాయడం లేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

తిండికి లోటు లేదు. వంటమనిషి యాదమ్మది మహబూబ్‌నగర్ వైపు. చెయ్యి మంచిది, నోరు ఇంకా మంచిది. ఆవిడ చేసే పచ్చిపులుసు నాకు మొదట్లో సయించేది కాదు, ఇప్పుడు అది లేకపోతే ముద్ద దిగడం లేదు. చలి మొదలైంది. మన రేపల్లెలో లాగా తేమతో కూడిన చలి కాదిది, పొడి చలి. పెదాలు పగులుతాయి. నువ్వు కుట్టిచ్చిన బొంత కప్పుకుంటున్నాను, బెంగ పడకు.

దసరా సెలవులకు పిల్లలంతా ఊళ్లకు పోయారు. యాదమ్మ కూడా బతుకమ్మకని వాళ్ల ఊరు పోయింది. మూడంతస్తుల భవనంలో నేను ఒక్కదాన్నే. రెండో రోజు పొద్దున స్నానాల గదిలో కళ్లు తిరిగి పడ్డాను. దెబ్బేమీ తగల్లేదు, అప్పుడే గుండెలు బాదుకోకు. కాసేపటికి మెలకువ వచ్చింది. బకెట్టుకీ తలుపుకీ మధ్య ఇరుక్కుని, లేవడానికి చేతకాక అలాగే పడి ఉన్నాను. కుళాయి నుంచి చుక్క చుక్కగా నీళ్లు పడుతున్నాయి. ఇప్పుడు నేను పోతే ఎవరికి ముందు తెలుస్తుందా అని ఆలోచించాను. నీళ్ల క్యాన్లు వేసే అతను మంగళవారం వస్తాడు. ఆ రోజు శుక్రవారం. చచ్చిపోతానని కాదు అక్కా నా భయం, ఎన్నాళ్లకు తెలుస్తుందోనని.

తరువాత లేచాను, కాఫీ కాచుకుని తాగాను. ఎవరికీ చెప్పలేదు. సెలవులయ్యాక మా సందు చివర టీ బండి పక్కన ఒక డయాగ్నొస్టిక్ సెంటరు వాళ్లు బల్ల వేసుకుని కూర్చున్నారు. బీపీ ఉచితంగా చూస్తారట, చూశాక ప్యాకేజీ కాగితం చేతిలో పెడతారట. ఆ ఉచితం ఎందుకో నాకు తెలియక కాదు. గాలం చివర ఎర ఉంటుందని చేపకు తప్ప అందరికీ తెలుసు. అయినా వెళ్లి చెయ్యి చాపాను. ఆ అమ్మాయి పట్టీ చుడుతూ "నిద్ర మంచిగ పడ్తుందా అమ్మా?" అంది. అలా అడిగినవాళ్లు ఎన్నాళ్లకు దొరికారో. కాగితం తీసుకుని వచ్చేశాను. పెద్దాసుపత్రిలో ఉట్టినే చూస్తారు, కానీ అక్కడ ఒక వరుసలో చీటీ, ఇంకో వరుసలో రక్తం, మూడో వరుసలో రిపోర్టు. మూడు రోజులు సెలవు మా యజమాని ఎక్కడిస్తాడు? అందుకని డబ్బు కట్టే చోటికే పోదామనుకున్నాను. నా జీతంలో మూడో వంతు.

యాదమ్మకు చెబితే నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "ఏంది అక్కా, ఒంట్ల మంచిగనే ఉంటే పైసలు వెట్టి రోగం కొనుక్కునుడేంది? గా పైసలతోని ఒక చీర కొనుక్కో, మంచిగ తిను" అంది. పడిపోయిన సంగతి అప్పుడు చెప్పక తప్పలేదు. ఆవిడ గరిటె పక్కన పెట్టేసి, "నాకు ఫోన్ చేస్తే ఎగురుకుంట రాకపోదునా? నువ్వు మనిషివా ఏమన్ననా?" అని తిట్టిపోసింది. ఎవరైనా నన్ను తిట్టి ఎన్నాళ్లైందో! ఆ రోజు రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

సరే, ఒక సోమవారం పొద్దున్నే పరగడుపున బయలుదేరాను. అశోక్ నగర్ నుంచి చిక్కడపల్లి మీదుగా, మెట్రో స్తంభాల కింద నడుచుకుంటూ నారాయణగూడ. పెద్ద దూరమేమీ కాదు. ఆ సెంటరు పేరు నీకెందుకులే, అద్దాల మేడ. లోపలికి పోతే పెళ్లివారి విడిదిలా ఉంది. సోఫాలు, ఏసీ, గోడకు పూలకుండీలు. ఇంతమంది జబ్బు లేనివాళ్లు జబ్బు వెతుక్కోవడానికి పొద్దున్నే స్నానాలు చేసి వస్తారని నాకు తెలియదు. నా ముందున్నాయన కౌంటర్లో తగాదా పెట్టుకుంటున్నాడు. ఏమీ తినకుండా రమ్మన్నారు కదా అని ఆ అమ్మాయి అడిగితే, "తినలేదమ్మా, రెండు ఇడ్లీలే" అంటాడు. ఇడ్లీ తింటే తిన్నట్టు కాదా అంటే, "నేను శనివారం ఒక్కపొద్దుకు కూడా ఇడ్లీయే తింటా, మా దేవుడికి లేని పట్టింపు మీకేంది?" అన్నాడు. నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకున్నాను. పక్కన నవ్వడానికి మనిషి లేకపోతే నవ్వు కూడా తొందరగానే ఆగిపోతుంది.

నా పక్కన ఒక పెద్ద దంపతులు కూర్చున్నారు. మనవైపువాళ్లే, తెనాలి. ఎప్పుడో ఉద్యోగానికి వచ్చి చిక్కడపల్లిలో ఇల్లు కట్టుకుని ఉండిపోయారట. ఏటా పెళ్లిరోజుకు ఇద్దరూ కలిసి పరీక్షలు చేయించుకుంటారట. ఆవిడ "పోయిన ఏడు షుగర్‌లో ఈయనే ఫస్టు వచ్చారండీ" అని భర్తను ఆటపట్టించింది. ఆయన "కొలెస్ట్రాల్‌లో నిన్నెవరు కొట్టగలరు" అన్నాడు. ఆయన చొక్కా చేతిమడత ఆవిడ పైకి లాగుతోంది, సూదికి వీలుగా. "మీతో ఎవరొచ్చారండీ?" అని అడిగింది నన్ను. "మా అక్క వస్తోందండీ, రైలు లేటు" అన్నాను. ఎందుకన్నానో తెలియదు. ఎవరూ లేరని చెప్పడానికి నోరు రాలేదు. అబద్ధం అంత తేలిగ్గా నా నోట్లోంచి ఊడిపడింది.

మైకులో "సుశీల గారూ" అని పిలిచారు. ఇంకెవరో సుశీల అనుకుని కూర్చున్నాను. రెండోసారి పిలిస్తే లేచాను.

కౌంటర్లో అమ్మాయి ఫారం నింపుతూ పైకే అడిగింది, అందరూ వింటుండగా. "మీ ఇంట్ల ఎవరికన్న బీపీ, షుగర్ ఉండెనా? క్యాన్సర్ ఉండెనా?" లేదు, లేదు, లేదు లేదు అన్నాను. చివరిదానికి రెండుసార్లు అన్నాను. "అమ్మగారు ఎట్ల పోయిన్రు?" అంది. "కామెర్లు" అన్నాను. మనకు అది నోటికొచ్చిన మాటే కదా. బడి ఫారం అడిగినా, పెళ్లిచూపుల్లో అడిగినా, మా అత్తగారు అడిగినా, కామెర్లు. ఆ అమ్మాయి వెంటనే "అయితే మీకు లివర్ టెస్టులు జరూర్ చేయించాలె అమ్మా" అంది. నేను కట్టిన ఆడవాళ్ల ప్యాకేజీలో రొమ్ముల పరీక్ష ఉంది. మామోగ్రామ్ అంటారు దాన్ని. రాయడానికి నాకే చెయ్యి ఆగింది చూడు. రెండూ కావాలంటే ఇంకా కట్టాలట. అది తీసేసి దాని బదులు లివర్‌వి పెట్టమన్నాను. పైగా ఆ మొదటి పరీక్ష తప్పినందుకు సంతోషించాను కూడా. పరాయివాళ్ల ముందు జాకెట్టు విప్పే పని తప్పింది కదా అని.

రెండు రోజులకు రిపోర్టులు తీసుకుని డాక్టరమ్మ దగ్గర కూర్చున్నాను. చిన్న పిల్ల, మా హాస్టల్ పిల్లల ఈడు ఉంటుందేమో. నాకు రక్తం తక్కువగా ఉందట, అందుకే కళ్లు తిరిగాయట. మాత్రలిచ్చింది, వేసుకుంటున్నాను. మిగతావన్నీ బాగున్నాయి. లివర్ అయితే "మస్తుంది అమ్మా, ముప్పై ఏండ్ల పిల్లకు ఉన్నట్టుంది" అంది. ఎందుకుండదు? నలభై ఆరేళ్లొచ్చాయి, కామెర్ల ఇల్లని చెప్పి నూనె చుక్క ఎక్కువ వేసుకున్న పాపాన పోలేదు. ఏటా ఎండాకాలం నేల ఉసిరి పసరు తాగాను. ఆ చేదు పసరు తాగించేటప్పుడు నువ్వు నా మొహంలోకి చూసేదానివి కాదు. అప్పుడు గమనించలేదు.

డాక్టరమ్మ ఫారం చూసి, "అమ్మగారికి కామెర్లు ఎన్ని దినాలు ఉండె?" అంది.

"ఏడాదిన్నర."

"గన్ని దినాలా? కండ్లు పచ్చగ ఉండెనా?"

అమ్మ కళ్లు గుర్తు తెచ్చుకున్నాను అక్కా. నాకప్పుడు ఎనిమిదేళ్లు. తెల్లటి కళ్లు, కాటుక. పచ్చదనం ఎప్పుడూ లేదు. లేదన్నాను.

"మరి ఏం గుర్తుంది మీకు?"

"ఎడం చెయ్యి వాచి ఉండేది. భుజం నుంచి వేళ్ల దాకా" అన్నాను.

ఆవిడ కలం కింద పెట్టింది. "కామెర్లకు చెయ్యి వాయదమ్మా" అని మెల్లగా అంది. మనింటి సంగతి నాకు ఆ పరాయి పిల్ల చెప్పవలసి వచ్చింది. నాకు సిగ్గేసింది, కోపమొచ్చింది, ఏడుపొచ్చింది. ఏది ముందొచ్చిందో చెప్పలేను.

నారాయణగూడ నుంచి వెనక్కి నడుస్తుంటే అన్నీ ఒక్కొక్కటే వచ్చి ఎదురుగా నిలబడ్డాయి. వెనక గది. లోపలికి పోకూడదని నాయనమ్మ నాకు పెట్టిన కట్టడి. అమ్మ రవికెలూ, గుడ్డపేలికలూ నువ్వు విడిగా, ఎవరూ లేవకముందే ఉతికి ఆరేసేదానివి. పసరు పోసే ఆయన్ని ఊరంతా చూసేలా వీధి గుమ్మంలోంచే పిలిపించారు. అమ్మ ఆ పసరు తాగేది. లేని జబ్బుకు మందు తాగింది, ఉన్న జబ్బుకు తాగలేదు. ఎవరి కోసం? నీ కోసమే కదా. నీకు అప్పుడు బావగారి సంబంధం ఖాయమైంది. ఆ పేరు బయటికొస్తే సంబంధం తప్పిపోతుందని. తల్లికి ఉంటే కూతురికి వస్తుందంటారని.

మన ఇళ్లలో బియ్యం అయిపోయాయి అనం, నిండుకున్నాయి అంటాం. దీపం ఆరింది అనం, కొండెక్కింది అంటాం. చెడుమాట ఇంట్లో పలకకూడదని అలా నేర్పారు, తప్పు పట్టను. కానీ బియ్యానికి ఎన్ని పేర్లు పెట్టినా, డబ్బా తీసి చూసి మళ్లీ పోసుకుంటాం కదక్కా. అమ్మ డబ్బా ఎవరూ తీసి చూడలేదు.

అమ్మ గాజుల సంగతి గుర్తుందా? చెయ్యి వాచి గాజులు ఒంట్లోకి దిగిపోతుంటే నువ్వే తడిగుడ్డ చుట్టి, అట్లకాడ పిడితో కొట్టి ఒక్కొక్కటే విరగ్గొట్టావు. నేను కిటికీలోంచి చూశాను. మొగుడు బతికుండగా ముత్తయిదువ గాజులు పగలగొడతావా అని నాయనమ్మ నీ జుట్టు పట్టుకుంది. "దాన్నేమీ అనకండి అత్తయ్యా, నేనే కొట్టమన్నాను" అంది అమ్మ. నువ్వు గాజుపెంకులు ఏరుతూ ఏడ్చావు. నీకు పంతొమ్మిదేళ్లు. పెళ్లి చీరలు కొంటున్న రోజులు. అంత బరువు ఆ వయసులో నీ నెత్తిన పెట్టి, పైగా నోరు కుట్టేశారు. నీ మీద నాకు కోపం లేదక్కా. నీ నోరు మూయించినవాళ్ల మీదే.

ఇక్కడిదాకా రాసి ఒకసారి లేచి వెళ్లి మొహం కడుక్కుని వచ్చాను. అసలు సంగతి ఇంకా రాయలేదు.

డాక్టరమ్మ చివర్లో అడిగింది, "మీకు అక్కచెల్లెండ్లు ఉన్నరా? వాళ్లు చూపించుకున్నరా?" అని. "ఒక అక్క ఉంది. బాగానే ఉంది" అన్నాను. మళ్లీ అదే అలవాటు, నోట్లోంచి ఊడిపడింది. చిక్కడపల్లి దగ్గర రోడ్డు దాటుతూ ఆ మాటే తలుచుకున్నాను. అక్క బాగానే ఉందా అని. అంతే, నడిరోడ్డు మీద నిలబడిపోయాను. ఆటోవాడు తిట్టాడు.

శ్రావణంలో చంటివాడి అన్నప్రాసనకు వచ్చానా. నీ కుడిచేతికి డజను ఎర్ర గాజులు. ఎడమ చేతికి ఒక్కటీ లేదు. అడిగితే పనికి అడ్డమన్నావు. నువ్వు చేసే పని ఎడం చేత్తోనా? జాకెట్టు ఎడమ చేతి కుట్టు విప్పి వదులు చేసి ఉంది, కుడి చేతిది మామూలుగానే ఉంది. మనవణ్ణి ఒక్కసారి కూడా ఎడమ చంకన వేసుకోలేదు. రోజంతా ఆ చెయ్యి కొంగు కిందే పెట్టుకున్నావు. వెళ్లొస్తానని నేను కౌగిలించుకోబోతే పక్కకు తప్పుకున్నావు. నేనేమనుకున్నానో తెలుసా? పరాయి ఊళ్లో పరాయి పిల్లలకు కాపలా ఉద్యోగానికి పోయానని నీకు నామోషీ అనుకున్నాను. రైలెక్కిన దగ్గరనుంచి సికింద్రాబాదు దాకా ఏడుస్తూనే ఉన్నాను. ఆ రోజునుంచీ నాకు ఎవరూ లేరనుకున్నాను. మూడు నెలలు ఆ మెట్ల కింద గదిలో నీమీద అలిగి పడుకున్నాను, మూర్ఖురాలిని.

నువ్వు కోపంతో తప్పుకోలేదు కదా అక్కా. నొప్పితో తప్పుకున్నావు.

నీకు గడ్డ ఉందా? ఎన్నాళ్లనుంచి ఉంది? బావగారికి చెప్పావా? చెప్పి ఉండవు. చెబితే నలభై ఏళ్ల కిందటి అబద్ధం బయటపడుతుందని, ఈ వయసులో ఆయన ఏమంటారోనని, శ్రీను బిడ్డకు రేపు ఆ పేరు అంటుకుంటుందని, ఇంకా ఏవేవో లెక్కలు వేసి, అమ్మ లాగే కొంగు కింద పెట్టుకుని తిరుగుతున్నావు. కాదంటే నా మీద ఒట్టేసి కాదను. వెర్రిదాన్ని, ఊరికే భయపడ్డానని తిట్టు. నీ తిట్లు తింటాను, సంతోషంగా తింటాను.

మర్నాడే ఆ డాక్టరమ్మ దగ్గరకు మళ్లీ పోయాను. ఫారంలో కామెర్లు కొట్టేయించాను. కౌంటర్లో రెండుసార్లు లేదన్న ఆ పేరు నేనే పలికి రాయించాను. నీ సంగతీ చెప్పాను. ఆవిడ నిమ్మళంగా, "చెయ్యి వాచినంత మాత్రాన అదే అని ఏం లేదమ్మా, వేరేవి గూడ ఉంటయి. కానీ చూడకుండ తెల్వది. అదే అయినా ఇప్పుడు మందులున్నయి, మీ అమ్మగారి కాలం కాదు. జల్ది పిల్వండి" అంది. ఆ జల్ది అన్న మాట నా చెవిలో ఇంకా తిరుగుతోంది. ఇద్దరు ఆడవాళ్లు కలిసి వస్తే తగ్గింపు ఉందట అక్కడ. నీ పేరూ నా పేరూ రాయించి ఇద్దరికీ కట్టేశాను. వచ్చే గురువారం కాదు, ఆపై గురువారం పొద్దున. రాకపోతే డబ్బు తిరిగి ఇవ్వరట. నీ పిసినారితనం నాకు తెలుసు కాబట్టే ముందుగా కట్టాను. మామూలు పరీక్షతో తేలకపోతే పెద్ద ఆసుపత్రికి ఎక్కడికి పోవాలో కూడా ఆవిడే చెబుతానంది. అక్కడికీ నేనే తీసుకుపోతాను. అమ్మకు వెనక గది ఇచ్చారు. నీకు నేను నా మంచం ఇస్తాను, కింద చాప మీద నేను పడుకుంటాను.

యాదమ్మ "నేనొస్త గదా నీ ఎంబడి" అంది. నువ్వొస్తే నలభై మందికి ఉప్మా ఎవరు చేస్తారన్నాను. "అక్క వస్తే నాకు చెప్పు, పచ్చిపులుసు చేసి పెడ్త" అంది. వచ్చేటప్పుడు ఆవిడకు నాలుగు తేగలు పట్టుకురా, ఇటువైపు వాళ్లు ఎరగరు. పాత చీర ఒకటి, వదులు చేతుల జాకెట్టు ఒకటి తెచ్చుకో. అంతకంటే ఏమీ వద్దు. బరువు కుడిచేత్తోనే మోయి. శ్రీనును రైలు దాకా దించమను, సికింద్రాబాదులో నేనుంటాను.

బావగారికి నా నమస్కారాలు. శ్రీనుకూ కల్యాణికీ ఆశీస్సులు, చంటివాడికి నా ముద్దులు. నాకు నీ దీవెన పంపు, అది లేకుండా ఈ ఊళ్లో నాకు పూట గడవదు.

అక్కా, నువ్వు బయలుదేరుతుంటే బావగారు ఎందుకని అడుగుతారు. నీ జబ్బు సంగతి ఆయనతో చెప్పడానికి నీకు ఇంకా నోరు రాకపోతే, ఇప్పుడే చెప్పమని నేను బలవంతపెట్టను. మన ఇంట్లో అబద్ధం కొత్తా? ఈ ఒక్కసారి బతకడానికి ఆడదాం. చెల్లెలు ఒంట్లో బాగోక పడిపోయింది, ఆసుపత్రికి తోడు వెళ్లడానికి దానికి మనిషి లేదు, నేను పోవాలి అని చెప్పు. అందులో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు.

నీ కోసం స్టేషన్లో నిలబడి ఉండే
చెల్లెలు
సుశీల